చుక్కకు కుడిపక్క

వాట్సాప్‌లో వచ్చిన యూట్యూబ్ లింకును నొక్కేముందు ఒక్క క్షణం దాని అక్షరాల వంక చూడండి. చాలాసార్లు అందులో యూట్యూబ్ పేరు నిండుగా ఉండదు. ‘యూట్యూ’ దగ్గర ఒక చుక్క పడుతుంది, దాని తర్వాత ‘బీ, ఈ’ అని రెండక్షరాలు ఉంటాయి. చుక్కను చూసీ చూడనట్టు వదిలేస్తే పేరు పూర్తవుతుంది. టెలిగ్రామ్ లింకుదీ అదే తంతు: టీ అక్షరం, చుక్క, ‘ఎం, ఈ’. లింక్డిన్ వాళ్ళ పొట్టి లింకులో అచ్చులు మింగేసిన నాలుగు హల్లులు, చుక్క, ‘ఐ, ఎన్’. ఎవరో సరదాకు విరిచి అతికించినట్టుండే ఈ ముక్కల్లో చివరి రెండక్షరాలు మాత్రం ఆ కంపెనీల సొంతం కావు. బీఈ బెల్జియంది, ఎంఈ మాంటెనీగ్రోది, ఐఎన్ మనది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతకు ఇంటర్నెట్‌లో ఇంతకన్నా చక్కటి ఉదాహరణ దొరకదు. ఇలా దేశాల సంకేతాలను మాటలకు తోకలుగా తగిలించే విద్యను ‘డొమైన్ హ్యాక్’ అంటున్నారు. ఆ చమత్కారం నిజమైనదే, ఆనందించదగ్గదే. వాటిని ఉత్త అక్షరాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది. వాటికి యజమాని ఉన్నాడు, ఆ యజమానికో చట్టం ఉంది, ఒక్కోసారి అతని ఉనికే ప్రశ్నలో పడుతుంది. నవ్వించేది చుక్కకు ఎడమపక్క ఉన్నవాడు. ఆ పేరు నిలవాలా వద్దా తేల్చేది కుడిపక్క ఉన్నవాళ్ళు.

ఇది అర్థం కావాలంటే ఈ పేర్ల పుట్టుక కొంచెం తెలియాలి. తొలినాళ్ళలో నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దాన్ని చూసుకునేది, మిగతావాళ్ళు నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ జాబితా కొండవీటి చాంతాడైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ దాని బదులు డొమైన్ నేమ్ సిస్టమ్‌ను రూపొందించారు. అందులోని కీలకం పంపకం: పై అంచెలో ఉన్నవాళ్ళు కింది అంచెకు అధికారం అప్పగిస్తారు, తర్వాత కింద ఏ పేరుందో వాళ్ళు పట్టించుకోరు. దేశాలకు ఏ అక్షరాలివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ కేటాయింపులు చూసే జాన్ పోస్టెల్ తెలివైన దారి పట్టారు. ఏది దేశమో, ఏది కాదో తేల్చే తలనొప్పి తమకొద్దని, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దగ్గర అప్పటికే ఉన్న రెండక్షరాల దేశాల పట్టికను వాడుకుంటామని 1994 నాటి పత్రంలో ఆయన రాసిపెట్టారు. ఆ పట్టికలో ఇప్పుడు 249 సంకేతాలున్నాయి. బ్రిటన్‌కు అందులో ఉన్నది జీబీ, ఇంటర్నెట్‌లో వాడుతున్నది యూకే. రాజుగారి ఊరికి రూలు కొంచెం వంగిందన్నమాట.

పేరును మనుషులు ఎడమ నుంచి కుడికి చదువుతారు, కంప్యూటర్లు కుడి నుంచి ఎడమకు చదువుతాయి. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది, సొంతపేరు తర్వాత. డొమైన్ పేర్లలో ఇంటిపేరు చివరన ఉంటుంది. యూట్యూబ్ పొట్టి లింకును నొక్కినప్పుడు జరిగేదేమిటంటే, పేరును వెతికిపెట్టే సర్వరుకు జవాబు ముందే తెలిసి ఉండకపోతే అది అన్నిటికన్నా పైనున్న రూట్ సర్వర్ల దగ్గరికి వెళ్ళి బీఈ ఎవరిదని అడుగుతుంది. బెల్జియం వాళ్ళను అడగమని అవి దారి చూపిస్తాయి. బెల్జియం సర్వర్ల దగ్గర ‘యూట్యూ’ ఎవరిదని అడిగితే, అది గూగుల్ వాళ్ళదని చెప్పి అక్కడి చిరునామా ఇస్తాయి. యూట్యూబ్ పాత్ర మొదలయ్యేది అప్పుడే. నిజానికి ప్రతి డొమైన్ పేరు చివరా మనం రాయని ఇంకో చుక్క ఉంటుంది, అదే రూట్‌కు గుర్తు. ఈ వరసలో బెల్జియం సర్వర్లు ఆ పేరు తమ దగ్గర లేదంటే చాలు, అవతల గూగుల్ ఎంత పెద్దదైనా ఆ లింకు గాల్లో కలిసిపోతుంది. కోర్టు ఉత్తర్వులు, సైనికులు ఏమీ అక్కర్లేదు. ఒక పట్టికలో ఒక వరుస తీసేస్తే సరిపోతుంది.

ఇక చమత్కారం సంగతి. అవధానంలో దత్తపది తెలిసినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిచ్చి, వాటిని పద్యంలో ఇరికించమంటాడు. మాట అక్షరాలా అక్కడే ఉండాలి, అర్థం మాత్రం వేరొకటి కావాలి. డొమైన్ హ్యాక్ చేసేవాడికి ప్రమాణాల సంస్థే పృచ్ఛకుడు, 249 సంకేతాలే దత్తపదాలు. 2003లో మొదలైన డెలిషియస్ అనే సైటు ఈ ఆటలో తొలితరం మేటి. ఇంగ్లిష్‌లో ‘రుచికరమైన’ అనే మాట స్పెల్లింగును రెండు చుక్కలతో మూడు ముక్కలు చేసి, చివరి రెండక్షరాలు అమెరికా సంకేతం యూఎస్ మీద పడేలా చూశారు. డొమైన్ పేర్లలో మాటల మధ్య ఖాళీకి చోటు లేదు. అందుకే కోరకుండానే శ్లేష పుట్టుకొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. నిపుణులు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ‘ఎక్స్‌పర్ట్స్ ఎక్స్‌ఛేంజ్’ తన పేరును కలిపి రాసుకుంటే, జనం ఒక్క ‘ఎస్’ను అటు జరిపి లింగమార్పిడి నిపుణుడని చదువుకున్నారు. చివరికి మధ్యలో అడ్డగీత పెట్టుకుని ఆ సైటు బయటపడింది. పదాలను విడదీసే చోటు మారితే అర్థం మారడాన్ని మన ఆలంకారికులు సభంగ శ్లేష అన్నారు. మన పాత శాసనాలూ తాళపత్రాలూ పదాల మధ్య ఖాళీ లేకుండా రాసినవే. అలాంటి శ్లేషల మీద పింగళి సూరన రామాయణ, భారత కథలు రెండింటినీ ఒకే కావ్యంలో నడిపించాడు. ‘రాఘవ పాండవీయం’ పాఠకుడికి అడ్డగీత అవసరం రాలేదు.

మాటవరసకు తెలుగును ఈ పట్టిక మీద పరిచి చూస్తే విశేషాలు బయటపడతాయి. మన బహువచనం ‘లు’ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే అది లగ్జెంబర్గ్ సంకేతం. కథలు, పాటలు, పిల్లలు, గారెలు, తెలుగు బహువచనం మొత్తం ఏడు లక్షల లోపు జనాభా ఉన్న ఆ చిన్న దేశం గుమ్మంలో వాలుతుంది. ఊరు, పేరు, నీరు, తీరు రష్యాకు పోతాయి. నవ్వు, పువ్వు పసిఫిక్‌లోని వనువాటూకు చేరతాయి. పెరుగు గువామ్ ద్వీపానిది. పుస్తకము, ధనము వంటి ‘ము’ కారాంతాలు మారిషస్‌వి, అదొక్కటీ న్యాయంగానే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన కూలీల వారసులు తెలుగువాళ్ళుగా ఇప్పటికీ అక్కడున్నారు. రాముడు, కృష్ణుడు, తమ్ముడు మాత్రం నిరాశ్రయులు, ‘డు’ ఏ దేశానికీ రాసి లేదు. అన్నిటికన్నా విచిత్రం మనసు గతి. ఆ ‘సు’ సోవియట్ యూనియన్‌ది. 1990 సెప్టెంబరులో దానికి ఆ సంకేతమిచ్చారు, మరుసటి ఏడాది డిసెంబరుకు దేశమే లేదు, సంకేతం మాత్రం ఇంకా నడుస్తోంది. తెలుగు లిపిలోనే ‘.భారత్’ అని ముగిసే పేర్లకూ ఇప్పుడు వీలుంది. ఉపయోగకరమైన ఏర్పాటే కానీ, ఆటకు పనికిరాదు. ‘భారత్’తో ముగిసే మాటలెన్ని దొరుకుతాయి?

ఈ పాట్లన్నీ సరదాకేనా అంటే కాదు. డాట్ కామ్‌లో మొదటి పేరు 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీ తీసుకుంది. ఆ తర్వాత పదేళ్ళు గడిచీ గడవకముందే తేలిక మాటల కోసం ఎగబడ్డారు. ఇప్పుడు పలికేందుకు బాగుండే ఇంగ్లిష్ మాట ఏదీ అక్కడ ఖాళీగా లేదు. 2019లో ‘వాయిస్’ అనే ఒక్క మాటకు డాట్ కామ్ చిరునామా 3 కోట్ల డాలర్లకు చేతులు మారింది. అంత పెట్టలేనివాళ్ళు పట్టికలో వెతుక్కున్నారు. కొలంబియా 2010లో తన ‘సీఓ’ను ప్రపంచానికంతా తెరిచినప్పుడు అది ‘కంపెనీ’కి పొట్టిపేరులా కనబడింది. ట్విటర్ అందులో టీ అనే ఒక్క అక్షరం తీసుకుని తన లింకులన్నీ దాని మీదుగా నడిపింది. కాబట్టి డొమైన్ హ్యాక్‌ను కుర్రకారు చిలిపితనంగా కొట్టిపారేయకూడదు. స్థలం కరువైన ఊళ్ళో పక్క ఊరి పొలిమేరలో ఇల్లు కట్టుకోవడం లాంటిది అది. అక్కడ కరణం వేరు, పన్ను వేరు, కట్టుబాట్లు వేరు అన్న సంగతి మాత్రం గృహప్రవేశం రోజు ఎవరికీ గుర్తుండదు.

ఆ కట్టుబాట్లు ఎలా ఉంటాయో లిబియా చూపించింది. ఇంగ్లిష్‌లో క్రియావిశేషణాలు చాలామటుకు ‘ఎల్‌వై’తో ముగుస్తాయి కాబట్టి లిబియా సంకేతానికి గిరాకీ ఎక్కువ. బిట్‌లీ 2008లో ఆ తోకతోనే పుట్టి, ఏడాది తిరిగేసరికి ట్విటర్‌లో అందరూ వాడే లింకుల కుదింపు యంత్రమైంది. ఆ దారిలోనే అమెరికాలో లైంగిక విషయాల మీద రాసే ఒక రచయిత్రి, ఆమె సహచరుడొకరు ‘వీబీ’ అనే రెండక్షరాలకు ఎల్‌వై తగిలించి, పెద్దల సైట్లకూ మొహమాటం లేకుండా లింకులిచ్చే చిన్న సేవ పెట్టారు. 2010లో ఆ పేరు పనిచేయడం మానేసింది. కారణం అడిగితే, లిబియా చట్టానికీ షరియాకూ అది విరుద్ధమని ఎల్‌వై పేర్లను నమోదు చేసే రిజిస్ట్రీ నుంచి జవాబు వచ్చింది. సైటు మొదటి పేజీలో చేతులు కప్పుకోని స్త్రీ సీసా పట్టుకుని ఉన్న ఫొటోను కూడా అందులో తప్పుపట్టారు. నాలుగక్షరాల కన్నా పొట్టి పేర్లు ఇకపై లిబియాలో ఉన్నవాళ్ళకేనన్న నిబంధనా అప్పుడే బయటపడింది. రచయిత్రి ఉండేది కాలిఫోర్నియాలో, సైటు చూసేది అమెరికన్లు, అయినా వర్తించింది ట్రిపోలీ చట్టం. అన్యాయమని గోలపెట్టినవాళ్ళున్నారు. ఆ నిబంధన నచ్చదగ్గది కాకపోవచ్చు గానీ, లిబియాకు హక్కు లేదనడం కుదరదు. ఆ అక్షరాలు ఇంగ్లిష్ వ్యాకరణం నుంచి వచ్చాయని కొనేవాళ్ళు అనుకున్నారు తప్ప, అమ్మిన దేశం ఎప్పుడూ అలా అనలేదు.

దీనికి గట్టి జవాబొకటి ఉంది. 2011లో లిబియాలో తిరుగుబాటు చెలరేగి ప్రభుత్వం దేశంలో ఇంటర్నెట్‌ను కోసేసినా బిట్‌లీ లింకులు ఆగలేదు. ఎల్‌వై సర్వర్లు కొన్ని దేశం బయట ఉండటమే అందుకు కారణం. పైగా నిన్నటిదాకా నమ్మిన లింకులను తెంచింది దేశాలు మాత్రమే కాదు. గూగుల్ తన పేరును గ్రీన్‌లాండ్ సంకేతం దగ్గర ఆపి నడిపిన లింకుల సేవను ముగిస్తున్నట్టు 2018లో ప్రకటించింది, పాత లింకులకు 2025 ఆగస్టు 25 గడువు పెట్టి, విమర్శలొచ్చాక వాడుకలో ఉన్నవాటిని వదిలిపెట్టింది. ఇక్కడ గ్రీన్‌లాండ్ చేసిన తప్పేమీ లేదు. ఈ వాదన సబబే. కానీ కంపెనీ తన దుకాణం తానే మూసుకోవడం వేరు, నడుస్తున్న దుకాణానికి ఊరు గొళ్ళెం పెట్టడం వేరు. ఈ తేడా అందరికన్నా బాగా తెలిసింది ఆ కంపెనీలకే. డెలిషియస్ 2008లో తన అందమైన చుక్కలన్నీ వదులుకుని డాట్ కామ్‌కు మారిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ తొలిరోజుల్లో అర్మేనియా ‘ఏఎం’తో మొదలై డాట్ కామ్‌లో స్థిరపడింది. బిట్‌లీ కూడా ఒక డాట్ కామ్ ఇల్లు కట్టుకుంది. ముద్దుపేరుతో పిలిపించుకున్నా రేషన్ కార్డులో అసలు పేరే రాయించుకుంటారు గదా. నిలదొక్కుకున్నాక అసలు పేరు కొనుక్కునే స్తోమత లేని చిన్నవాళ్ళే ముద్దుపేరు మీద బతకాల్సి వస్తుంది, దెబ్బా వాళ్ళకే తగులుతుంది.

దేశం కోపగించుకోవడం కన్నా పెద్ద గండం దేశమే లేకుండా పోవడం. యుగోస్లావియా ముక్కలయ్యాక మిగిలిన సెర్బియా, మాంటెనీగ్రో విడిపోయాయి, వాటికి కొత్త సంకేతాలొచ్చాయి, ‘వైయూ’ను 2010 మార్చి 30న ఆర్పేశారు. దానిమీద ఉన్న పేర్లన్నీ ఆ రోజుతో చెల్లిపోయాయి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదిలాక, 2021 జనవరిలో అక్కడివాళ్ళ ‘ఈయూ’ పేర్లు దాదాపు 80 వేలు ఆగిపోయాయి. ఇప్పుడు అందరి కళ్ళూ ‘ఐఓ’ మీద ఉన్నాయి. కంప్యూటర్ వాళ్ళ చెవికి అది ఇన్‌పుట్, ఔట్‌పుట్; స్టార్టప్‌లకు అంతకన్నా మోజైన తోక ఒకప్పుడు లేదు. ప్రమాణాల పట్టికలో మాత్రం అది బ్రిటిష్ హిందూ మహాసముద్ర భూభాగం, అంటే చాగోస్ దీవులు. 1965లో బ్రిటన్ వాటిని మారిషస్ నుంచి విడదీసింది, డీగో గార్షియాలో అమెరికా స్థావరం కోసం 1968, 1973 మధ్య అక్కడి జనాన్ని మొత్తం ఓడలెక్కించి పంపేసింది. దీవులను అలా విడదీయడం చట్టబద్ధం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయపడింది. దీవుల సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మే 22న సంతకాలయ్యాయి. ఆ భూభాగం పేరు పట్టిక నుంచి పోతే, ఐఓకు ఐదేళ్ళ గడువు, అవసరమైతే మరో ఐదేళ్ళు ఇచ్చి సాగనంపాలని నియమం చెబుతోంది. సోవియట్ యూనియన్ ‘సు’ను చూసినవాళ్ళు నియమాలు వంగుతాయిలే అనుకోవచ్చు, వంగుతాయేమో కూడా. యుగోస్లావియాకు వంగలేదన్నదీ గుర్తుంచుకోవాలి. తమ దీవుల పేరుతో నడిచిన ఈ వ్యాపారంలో ఊరు కోల్పోయిన చాగోస్ ప్రజల గొంతు మాత్రం అంతగా వినబడలేదు.

అయితే చిన్న దేశాలకు ఇందులో మేలు లేదా? ఉంది, కొన్నిటికి చాలా ఉంది. కరీబియన్‌లోని బ్రిటిష్ పాలిత ద్వీపం అంగ్విలా జనాభా 16 వేలకు అటూ ఇటూ. దానికి 1995లో ‘ఏఐ’ వచ్చినప్పుడు అదో మామూలు సంకేతం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలయ్యాక ఆ రెండక్షరాలే బంగారు బాతయ్యాయి. 2023లో డొమైన్ పేర్ల మీద అంగ్విలాకు సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి, ప్రభుత్వ రాబడిలో ఐదో వంతు పైమాటే. నక్కతోక తొక్కడమంటే ఇదే. కానీ ఇది అదృష్టమే తప్ప న్యాయం కాదు, ఎందుకంటే నక్క అందరి దారిలోకీ రాదు. పసిఫిక్‌లోని నియువే అనే బుల్లి ద్వీపానికి వచ్చిన సంకేతం ‘ఎన్‌యూ’. స్వీడిష్ భాషలో ఆ మాటకు ‘ఇప్పుడు’ అని అర్థం, అందుకే స్వీడన్‌లో అది విరగబడి అమ్ముడుపోయింది. ఆ సంకేతం మాత్రం మొదట ఒక అమెరికన్ చేతికి, తర్వాత స్వీడన్ సంస్థ చేతికి వెళ్ళింది. తన పేరు మీది సంపాదన తనకు రాలేదంటూ నియువే 2018లో స్వీడన్ కోర్టుకెక్కింది. ఇద్దరివీ రెండక్షరాలే, ఇద్దరికీ ఎవరి భాషో కలిసొచ్చింది. ఒకరు పెట్టె తాళం తమ దగ్గరే ఉంచుకున్నారు, ఇంకొకరికి ఆ తాళం విలువ తెలిసేసరికి అది చేయిదాటింది.

ఇన్ని చిక్కులుంటే దేశాల జోలికి పోకుండా కొత్త తోకలు పుట్టించుకోవచ్చుగా అని అడగొచ్చు. పుట్టించారు. 2012లో తలుపులు తెరిస్తే 1,930 దరఖాస్తులొచ్చాయి. ఇప్పుడు పిజ్జా, నింజా, గురు, ఏదైనా చుక్క తర్వాత రాయించుకోవచ్చు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2015లో ఏబీసీ, చుక్క, ఎక్స్‌వైజడ్ అని పెట్టుకుని నవ్వించింది కూడా. అలాంటివి ఒకటీ అరా తప్ప, మిగతావాటిలో ఆ రుచి రాలేదు. పృచ్ఛకుడు లేని దత్తపదికి ఎవరు చప్పట్లు కొడతారు? ఏ మాటైనా కొనుక్కోగలిగిన చోట మాటను విరిచే నేర్పుతో పనిలేదు. వెతుకులాటకు గూగుల్ ఉంది, ఫోన్లో యాప్‌లున్నాయి, చిరునామాలు ఎవరు టైపు చేస్తున్నారని ఇంకొకరు అంటారు. టైపు చేసేవాళ్ళు తగ్గిన మాట నిజం. అయినా అంగ్విలా ఖజానా నిండింది ఆ కాలంలోనే. పేరును ఇప్పుడు టైపు చేయడానికి కాదు, మనం ఫలానా జాతివాళ్ళమని చెప్పుకోవడానికి కొంటున్నారు.

చివరగా టువాలు. తొమ్మిది దీవులు, 26 చదరపు కిలోమీటర్లు, 10 వేలకు అటూ ఇటూ జనం, ఆదాయానికి దారులు తక్కువ. ప్రమాణాల పట్టికలో దాని పేరు పక్కన ‘టీవీ’ అని పడింది. ప్రపంచంలో టీవీ అంటే ఏమిటో తెలియని ఊరు లేదు. 2000లో అది ఆ సంకేతాన్ని నడిపే హక్కును ఒక అమెరికన్ కంపెనీకి 12 ఏళ్ళలో 5 కోట్ల డాలర్లు వచ్చేలా అప్పగించింది. ట్విచ్ వంటి వీడియో సైట్లు ఆ తోకతోనే పెరిగాయి. తొలి విడత డబ్బు చేతికి రాగానే టువాలు చేసిన పనుల్లో ఒకటి ఐక్యరాజ్య సమితిలో చేరడం. సభ్యత్వానికీ న్యూయార్క్ కార్యాలయానికీ అయ్యే ఖర్చు భరించలేక అంతవరకూ ఆగింది, 2000 సెప్టెంబరు 5న 189వ సభ్య దేశమైంది. ఇప్పుడు ఆ దీవుల్లోకి సముద్రం ఎక్కి వస్తోంది. ఏటా 280 మందికి తమ దేశంలో స్థిరపడే వీలిస్తూ ఆస్ట్రేలియా ఒప్పందం చేసుకుంది. నేల పోయినా తమ రాజ్యం శాశ్వతంగా ఉంటుందని టువాలు 2023లో రాజ్యాంగంలో రాసుకుంది. రేపు నిజంగానే నీళ్ళు నిండితే ‘టీవీ’ ఉంటుందా, పోతుందా అన్నది ప్రమాణాల సంస్థ పట్టికను బట్టి ఉంటుంది. ఆ పట్టిక దేశాల పేర్లకు ఐక్యరాజ్య సమితి జాబితాల మీద ఆధారపడుతుంది. ఆ సమితిలో టువాలు కుర్చీకి డబ్బు కట్టింది ఈ రెండక్షరాలే.